లేత్ కోసం నోలీన్ పడ్డ పాట్లు

క్లారీ ట్రిఫిట్ ఆ సాయంత్రం స్కాలప్ గుల్లల కూర పెట్టి కాల్చిన పై రొట్టెను కొరికి, రెండుసార్లు నమిలి, ఆగిపోయాడు.

"నోలీన్, ఇది మిరియాల పొడా, నీ కార్కు పొడా?"

"మిరియాలైతే నాలుక మండాలిగా. మండుతోందా?"

"లేదు."

"అయితే కార్కే. తినెయ్, కడుపులో తేలుతుందంతే."

క్లారీ తినేశాడు. అతనికి అలవాటే. వెన్నలో కార్కు పొడి, పంచదార డబ్బాలో కార్కు పొడి, ఆదివారం చర్చికి వేసుకునే కోటు జేబులో కార్కు పొడి. నోలీన్ వంటింటి బల్ల అంచుకు ఒక డ్రిల్లు మిషనును అడ్డంగా బిగించి పెట్టుకుంది. గాలపు కర్రలకు పిడులు చేసేది దాని మీదే. కూరగాయలు తరగడానికి మిగిలిన చోటు ఒక పళ్ళెం పట్టేటంత.

ఆమె అసలు ఉద్యోగం బడి బస్సు నడపడం. పొద్దున పిల్లల్ని పొలాల దగ్గర ఎక్కించుకుని బోత్‌వెల్ ఊరి బళ్ళో దింపేది, సాయంత్రం మళ్ళీ ఎవరి గేటు దగ్గర వాళ్ళను దింపేది. నడుమ పొద్దంతా పిడులు. కొండల మీది సరస్సుల్లో ట్రౌట్ చేపలు పట్టబోయే వాళ్ళంతా బోత్‌వెల్ మీదుగానే పోవాలి కనుక, పోతూ పోతూ ఆమె గుమ్మం దగ్గర ఆగి, పిడి చీకిపోయిన కర్ర ఒకటి అప్పజెప్పి పోయేవాళ్ళు.

ఇదంతా ఒక పోసమ్ వల్ల, పిల్లి అంత ఉండి రాత్రిళ్ళు తిరిగే జంతువు వల్ల, మొదలైంది. చూరు కింద కాపురం పెట్టిన ఆ దొంగముండ, చెమట ఉప్పు మరిగిందో ఏమో, క్లారీ గాలపు కర్ర పిడిని ఒక శీతకాలమంతా చెరుకుగడలా నమిలి పడేసింది. క్లారీ దుఃఖం చూడలేక నోలీన్ కార్కు బిళ్ళలు తెప్పించింది. చిల్లుగారెల్లా నడుమ కన్నమున్న ఆ బిళ్ళలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి, ఆరాక డ్రిల్లుకు తగిలించి, గిర్రున తిరుగుతుంటే ఉప్పు కాగితంతో అరగదీసింది. పిడి వచ్చింది. కొంచెం గుమ్మడికాయ పోలిక ఉన్నా, క్లారీ చేతిలో కుదురుగా కూర్చుంది. ఆ మాట పబ్బులో చెప్పాడు. అంతే, మర్నాటి నుంచి గుమ్మం ముందు కర్రలు చేరడం మొదలైంది.

కొలతలు తీసుకోవడానికి ఆమె టేపు పట్టేది కాదు. వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని కాసేపు ఊపేది. ఎక్కడ లావు, ఎక్కడ బోలు, బొటనవేలు ఎటు వాలుతుంది అన్నీ ఆ ఊపులోనే తెలిసిపోయేవి. "పాస్టరుగారి చెయ్యి అంతసేపు పట్టుకున్నావేం?" అని క్లారీ ఒకసారి అడిగాడు. "ఆయన చిటికెనవేలు వంకర. ఆ వంకర గుర్తు పెట్టుకోవద్దా?" అంది. విచిత్రం ఏమిటంటే ఆమె ఎన్నడూ గాలం వేసింది లేదు. చేప వాసనంటేనే ఆమెకు పడదు.

డ్రిల్లు చచ్చిన రోజు చర్చి ఆడవాళ్ళు టీకి వచ్చారు. వాళ్ళు వచ్చేలోగా ఒక పిడి నునుపు చేసేద్దామని నోలీన్ స్విచ్చి నొక్కింది. బిగింపు వదులైంది. డ్రిల్లు గింగిరాలు తిరుగుతూ బల్ల మీద నడుచుకుంటూ పోయి, కొత్తగా చేసి పెట్టిన క్రీము కేకులోకి దూరింది. అప్పుడే తలుపు తీసుకుని లోపలికి వస్తున్న నలుగురికీ క్రీమును హెచ్చుతగ్గులు లేకుండా పంచింది. ఆ తర్వాత గుప్పున పొగ కక్కి ఊరుకుంది.

ఆ సాయంత్రం క్లారీ గంభీరంగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "చూడు నోలీన్. ఈ ఇంట్లో వంటిల్లయినా ఉండాలి, కార్కయినా ఉండాలి."

"నేనో?"

"నువ్వెలాగూ ఉంటావు. ఒక లేత్ మిషను చూసుకుని ఏ షెడ్డులోనో పెట్టుకోవే తల్లీ. నేను తిండిలా ఉన్న తిండి తిని చాన్నాళ్ళయింది."

నోలీన్ సరేనంది. అక్కడ చలికాలం చివరన, ఆగస్టులో చేపల వేట మొదలవుతుంది. ఆలోగా చెయ్యాల్సిన పిడులు వరండా నిండా ఉన్నాయి.

లేత్ కొనబోతున్నానని ఆమె చెప్పింది ఒక్కరికే. ఆ సాయంత్రానికి పబ్బులో అందరి దగ్గరా సలహాలు తయారుగా ఉన్నాయి. లేత్ అంటే తినేదో తాగేదో తెలియనివాళ్ళు కూడా మోటారు ఎంత బలంగా ఉండాలో చెప్పారు. అందరికంటే గట్టిగా చెప్పినవాడు మర్విన్ గార్త్, చేపల క్లబ్బుకు అధ్యక్షుడు. మూతపడ్డ తన రంపపు మిల్లులో పాత లేత్ ఒకటి పడి ఉంది. దాని మీద వరండా స్తంభాలు చెక్కేవాళ్ళు.

"పెద్ద మిషను తీసుకున్నావనుకో, చిన్న పనీ చేస్తుంది, పెద్ద పనీ చేస్తుంది," అన్నాడు మర్విన్.

"నాకు పెద్ద పని లేదుగా మర్విన్."

"రేపొద్దున వస్తే?"

రేపు పొద్దున స్తంభమంత చెయ్యి ఉన్నవాడెవడైనా వస్తాడేమోనని నోలీన్‌కు కూడా ఒక క్షణం అనిపించింది. చూద్దాం పదమంది.

ఆ లేత్ పొడుగు ఆమె బస్సులో సగం ఉంది. చూసేసరికి ఆమెకు నోరూరింది, అది నిజం. ఇనుమంతా నల్లగా నిగనిగలాడుతోంది. క్లారీకి చెప్పకుండా తెచ్చిన క్లారీ కర్రకే కొత్త కార్కు అంటించి ఉంచింది. పిడి ఉన్న మొదలును మిషను పట్టులో బిగించింది. సన్నని కొసను తోలుముక్కలో చుట్టి మర్విన్ చేతికిచ్చింది.

"ఇదిగో, వదులుగా పట్టుకో. లోపల తిరగనివ్వు."

"ఆగు, బెల్టు మార్చాలి," అన్నాడు మర్విన్. "కిందటిసారి కుర్చీ పుల్లలు చెక్కాను. అదే హెచ్చు వేగం మీద ఉంది."

"నాకు బస్సు టైమవుతోంది. ఒక్క నిమిషం పని, కానియ్."

"పర్లేదంటావా?"

"కానియ్ మర్విన్."

స్విచ్చి పడింది. కర్ర ముందు సన్నగా ఈల వేసింది. తర్వాత నడుము దగ్గర ఉబ్బి, ఆడపిల్లలు తాడాట ఆడేటప్పుడు తిప్పే తాడులా అయింది. మర్విన్ చేతిలోంచి తోలుముక్క జారిపోయింది. ఇక ఆ కర్రకు అడ్డూ ఆపూ లేదు. మొదటి చుట్టుకు మర్విన్ టోపీ పోయింది. రెండో చుట్టుకు టీ ఫ్లాస్కు. వార్నిషు వేద్దామని మర్విన్ గోడకు ఆనించి పెట్టిన క్లబ్బు వారి బహుమతి చేప, ఎప్పుడో పట్టి గడ్డి కూరి చెక్కకు బిగించిన ముసలి ట్రౌట్, ఆ తర్వాతి దెబ్బకు చెక్కను వదిలి, తలుపులోంచి రివ్వున బయటికి పోయి గొర్రెల మధ్య పడింది. నోలీన్ నేలమీద బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళి స్విచ్చి ఆపింది.

బయట మర్విన్ కుక్క చేపను నోట కరుచుకుని పొలం అడ్డంగా పరిగెత్తుతోంది.

"అది మా తాత పట్టిన చేప," అన్నాడు మర్విన్ మెల్లగా.

"తప్పు నాదే మర్విన్. బెల్టు మార్చాలన్నావు, నేను వినలేదు."

"అది సరే గాని, మిషను తీసుకుంటావా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర విరిగిన కర్రను బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. క్లారీ కర్ర ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసుకుని, "దీన్ని పోసమ్‌కు వదిలేసినా బాగుండేది, తిని సంతోషించేది," అన్నాడు. మర్విన్ టోపీ సంగతి మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

ఈసారి చిన్నదాని దగ్గరికి వెళ్ళింది. బేకరీ నడిపిన విన్నీ డిల్లన్, భర్త పోయాక బేకరీ అమ్మేసి, పోస్టులో ఒక బుల్లి లేత్ తెప్పించుకుని, దాని మీద గుడ్లు నిలబెట్టుకునే కొయ్య గిన్నెలు చేస్తూ కాలక్షేపం చేస్తోంది. ఊళ్ళో గుడ్లకంటే గిన్నెలే ఎక్కువైపోయాయి. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు పక్కకు వాలిపోయి ఉంటాయి గాని నోరు మాత్రం తిన్నగా ఉంటుంది.

"ఇది పిల్లిలా గుర్రుమంటుంది, అంతే. రా, తిప్పి చూడు," అంది విన్నీ.

నోలీన్‌కు ఆ మిషను ముద్దొచ్చింది. మీట తిప్పితే నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా కూడా తిరుగుతుంది. కార్కుకు ఆ నెమ్మదే కావాలి. చెక్కడానికి ఉలి అక్కర్లేదు, కాగితం ఆనిస్తే చాలు. ఒక పిడి అక్కడే చేసేసింది. చెంపకు ఆనించుకోవాలనిపించేటంత నున్నగా వచ్చింది. తీరా దాన్ని కర్రకు తొడగబోతే చిక్కొచ్చింది. గాలపు కర్ర మొదట లావు, పోనుపోను సన్నం. దానికి తగ్గట్టు పిడి లోపలి కన్నాన్ని ఆకురాయితో పెద్దది చెయ్యాలి. చేసింది. కన్నం ఒక పక్కకు పోయింది. పిడి కర్ర మీద మెడ పట్టేసినవాడిలా కూర్చుంది.

"ముందు కర్రకు అంటించేసి, తర్వాత మిషను మీద పెట్టి నునుపు చేస్తే?" అంది విన్నీ.

"అలాగే చెయ్యాలి. కాని కర్ర ఎటు పోతుంది? పిడిని బిగించి తిప్పే ఈ మిషను తలలో కన్నం పెన్సిలు కూడా పట్టనంత చిన్నది."

"అయితే నీకు తలలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బోలుగా ఉన్న మిషను కావాలి. కర్ర అందులోంచి దూరి అవతలికి వెళ్ళాలి, పిడి మాత్రం నీ ముందు తిరగాలి. బిలియర్డ్స్ కర్రలు బాగుచేసే మిషను అలాగే..." విన్నీ అక్కడ ఆగిపోయింది.

అలాంటి మిషను ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది. ఎవరింట్లో ఉందో ఇద్దరికీ తెలుసు.

"టీ పెట్టనా?" అంది విన్నీ.

"కాస్త గట్టిగా పెట్టు."

ఆ మిషను బేసిల్ ట్రిఫిట్‌ది. బేసిల్ క్లారీకి స్వయానా అన్న. సందుకు అవతలి ఇల్లే. ఒకప్పుడు ఊరూరా పబ్బుల్లో బిలియర్డ్స్ కర్రలకు కొసలు వేసి, వంకరలు తీసి బతికినవాడు. అన్నదమ్ములకు మాటలు లేక చాలా ఏళ్ళయింది. కారణం ఒక చేప. ఇద్దరూ ఒకే పడవలో కూర్చుని గాలాలు వేస్తే, దారాలు చిక్కుపడి, పైకి లాగితే ఒకే చేప వచ్చింది. దాని నోట్లో రెండు గాలాలూ ఉన్నాయి. నాదంటే నాదని ఒడ్డుకు వచ్చేదాకా అరుచుకున్నారు, ఒడ్డుకు వచ్చాక మాట్లాడుకోవడం మానేశారు. వాళ్ళమ్మ ఆ చేపను వేయించి చెరిసగం వడ్డించినా ఎవరి సగం వాళ్ళు ముక్కు చిట్లించుకుని తిన్నారు. ఇప్పుడు క్లారీ బేసిల్ కుక్కను పలకరిస్తాడు, బేసిల్‌ను పలకరించడు. బేసిల్ కూడా అంతే.

నోలీన్‌కు మాత్రం బావగారితో పేచీ లేదు. ఒక గిన్నెడు మటన్ పులుసు పట్టుకుని వెళ్ళింది.

బేసిల్ షెడ్డులో మిషను మీద కప్పిన దుప్పటి తీశాడు. పొడుగ్గా, సన్నగా ఉంది. తల నడుమ బొటనవేలు దూరేటంత బోలు. కాలి కింద తొక్కుడు మీట. ఎంత తొక్కితే అంత వేగం. కర్ర అవతలి కొస ఊగకుండా పట్టుకోవడానికి చిన్న చక్రాలున్న కాళ్ళు రెండు.

"బావగారూ, ఇది నాకివ్వండి."

"నీకివ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మాయ్. మా తమ్ముడు వచ్చి అడగాలి."

"ఎందుకు? మిషను వాడేది నేను కదా."

"నీతో నాకు గొడవ లేదు కదా. గొడవ ఉన్నవాడు అడిగితేనే నాకు ఇచ్చినట్టుంటుంది. నోరు తెరిచి, ‘బేసిల్, నీ లేత్ ఇస్తావా’ అనాలి. అంతే. చేప ఊసు కూడా ఎత్తక్కర్లేదు. ఎత్తితే సంతోషం."

క్లారీకి ఈ మాట చెప్పింది. "నా నోరు తిండికి తెరుస్తాను, ఆవులింతకు తెరుస్తాను. వాడికి తెరవను," అన్నాడు.

నోలీన్ వాదించలేదు. ఎక్కడినుంచో ఒక పాత డ్రిల్లు అడిగి తెచ్చి, ఈసారి టీవీ పక్కన బిగించింది. క్రికెట్ మ్యాచ్ వస్తున్నంతసేపూ పిడులు చేసింది. వికెట్ పడినప్పుడల్లా ఎందుకు పడిందో క్లారీకి వినపడలేదు. పైగా పొడి అతని బీరులో వాలింది. టీ విరామానికి అతను లేచి టోపీ పెట్టుకున్నాడు.

సందులో కంచె దగ్గర నిలబడి, మబ్బుల కేసి చూస్తూ, "ఎవరి దగ్గరో లేత్ ఉందట. ఎవరికో కావాలట," అన్నాడు.

కంచె అవతల బేసిల్ కుక్క చెవులు గోకుతున్నాడు. "ఏమోయ్, ఎవరైనా ఏమైనా అడిగారా? నాకేం వినపడలేదు," అన్నాడు కుక్కతో.

"చెవుడు కూడా వచ్చిందన్నమాట," అన్నాడు క్లారీ మబ్బులతో.

"చెవుడైనా పేరు పెట్టి పిలిస్తే వినపడుతుంది."

వరండాలోంచి చూస్తున్న నోలీన్‌కు క్లారీ మెడ వెనక ఎర్రబడడం కనిపించింది. "బేసిల్," అన్నాడు చివరికి, గొంతులో ముల్లు తీసుకుంటున్నట్టు. "నీ లేత్ ఇస్తావా?"

"పట్టుకుపో."

మిషను తేవడానికి మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ షెడ్డులో చేరారు. అడగడం అయిపోయింది గనక మాటలు మళ్ళీ బందు. బేసిల్ లోపలి కొస పట్టుకున్నాడు, క్లారీ గుమ్మం వైపు కొస.

"నోలీన్, ఆయన్ని కొంచెం ఎత్తమను," అన్నాడు క్లారీ.

"అమ్మాయ్, అతన్ని ఎడమకు తిరగమను. అతని ఎడమకు. చిన్నప్పుడు కూడా తెలిసేది కాదు."

ఇద్దరూ చెరో వైపుకు తిరిగారు. మిషను గుమ్మంలో ఐమూలగా ఇరుక్కుంది. లాగితే రాదు, నెట్టితే పోదు. మిషను కాళ్ళు నేలకు ఆనడం వల్ల బరువు మోసే బాధ తప్పింది గాని బేసిల్ లోపలే ఉండిపోయాడు. షెడ్డుకు వేరే తలుపు లేదు.

గుమ్మం బయట ఉన్న నోలీన్ చేతి గడియారం చూసింది. "నేను పోవాలి. పిల్లలు బడి దగ్గర ఎదురుచూస్తుంటారు."

"నువ్వు వెళ్తే ఎలాగే? ఎవరితో ఏం చెప్పాలి?" అన్నాడు క్లారీ. అతని ముఖంలో భయం కనిపించింది.

"మధ్యలో ఇంత ఇనుముంది. కొట్టుకోలేరులే," అని ఆమె బస్సెక్కింది.

ఆ సాయంత్రం దారంతా మంచు కరిగి బురదగా ఉంది. ప్రతి గేటు దగ్గరా ఆలస్యమే. చిట్టచివరి పొలం దగ్గర పిల్లల్ని దింపి తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. సందు మొగలోనే అరుపులు వినిపించాయి. బస్సు అక్కడే ఆపి పరిగెత్తింది.

బేసిల్ లోపల ఒక పెట్టె మీద, క్లారీ బయట బొక్కెన బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. మిషను కింది సందులోంచి టీ కప్పు ఒకటి అటూ ఇటూ పోతోంది.

"నీ చేప జానెడు లేదు," అంటున్నాడు క్లారీ. "నాది మోచేతిదాకా ఉంది."

"ఒరే, మన ఇద్దరిదీ ఒకటే చేపరా. అది నా భుజందాకా ఉంది."

"జానెడంటే నువ్వు ఒప్పుకోవు. భుజమంటే నేను ఒప్పుకోను."

మాటల్లేని ఆ ఏళ్ళన్నింట్లో ఆ చేప ఇద్దరి దగ్గరా వేరు వేరుగా పెరిగిందని నోలీన్‌కు అర్థమైంది. తను వచ్చిన సంగతి వాళ్ళు గమనించలేదు. ఆమె దగ్గరికి వెళ్ళి మిషనును చూసింది. కాలి దగ్గర ఒక మేకు అడ్డుపడింది. వంగి దాన్ని పీకేసింది.

"ఇప్పుడు నెట్టండి."

"ఎటు?" అన్నారు ఇద్దరూ.

క్లారీ వైపు చూసింది, బేసిల్ వైపు చూసింది. బయటికి తెస్తే మళ్ళీ క్లారీ షెడ్డు గుమ్మంలో ఇంకోసారి ఇరికించాలి. పైగా అక్కడ పైకప్పు కారుతుంది. ఇక్కడ కట్టెల పొయ్యి ఉంది, దీపం ఉంది, తొక్కుడు మీటకు నూనె వేసే మనిషి ఉన్నాడు.

"లోపలికి," అంది. "బావగారూ, నేనే రోజూ ఇక్కడికి వస్తాను. అభ్యంతరమా?"

"పులుసు తెస్తే లేదు," అన్నాడు బేసిల్.

అలా ఆ లేత్ చోటు మారకుండానే ఆమెదైంది. మొదటి వారం ఆమెకు తొక్కుడు కుదరలేదు. బస్సు నడిపే కాలు, బ్రేకు తొక్కినట్టు తొక్కేసేది. "గుడ్డు మీద కాలు పెట్టినట్టు పెట్టు," అని బేసిల్ పక్కన నిలబడి నేర్పాడు. తర్వాత కుదిరింది. కర్ర తలలోంచి దూరి వెనక చక్రాల మీద బుద్ధిగా పడుకునేది. కార్కు ఆమె ముందు నెమ్మదిగా తిరిగేది. కర్ర తెచ్చిన మనిషి పక్కనే నిలబడితే, మిషను ఆపి, "పట్టుకోండి," అని పిడి మీద చెయ్యి వేయించి, ఎక్కడ అడ్డుకుంటోందో అడిగి, అక్కడ మాత్రం కాస్త అరగదీసి, మళ్ళీ పట్టుకోమనేది. తనూ గాలం వేస్తానన్న విన్నీకి లావు పిడి చేసింది. పక్కకు వాలిన వేళ్ళకు తగినట్టు ఒక పక్క పల్లం పెట్టింది. విన్నీ దాన్ని పట్టుకుని, విడిచి, మళ్ళీ పట్టుకుంది. క్లారీకి కూడా కొత్త కర్ర కట్టి ఇచ్చింది. కార్కు పొడి అంతా ఇప్పుడు బేసిల్ టీలో పడుతోంది. ఆయనకు అది పట్టదు.

వేట మొదలయ్యే రోజున, తన పిడులు నీళ్ళ దగ్గర ఎలా ఉంటాయో ఒక్కసారి చూద్దామని, నోలీన్ సరస్సు దాకా బస్సు నడుపుకుంటూ వెళ్ళింది. తెల్లవారుజామున ఒడ్డున మంచు గట్టిపడి కరకరలాడుతోంది. గాలి చెవులు కొరుకుతోంది. ఒడ్డు పొడుగునా మనుషులు కోట్లలో మూటల్లా నిలబడి గాలాలు విసురుతున్నారు. ఆమె బస్సు దిగలేదు. అద్దం తుడుచుకుని చేతుల వైపే చూస్తూ కూర్చుంది. పాస్టరుగారి చిటికెనవేలు సరిగ్గా తన చోట ఒదిగింది. విన్నీ రెండు చేతులతో విసిరింది, ఆ తర్వాత ఒక చేత్తో విసిరింది. దూరంగా ఎవడో కొత్త కుర్రాడు, బొటనవేలు పక్కకు జారుతుంటే ప్రతిసారీ పట్టు మార్చుకుంటున్నాడు. వాడి చెయ్యి ఒకసారి పట్టుకుని చూడాలని నోలీన్ మనసులో అనుకుంది.

క్లారీ వచ్చి అద్దం మీద తట్టాడు. "దిగవే. ఇంతదూరం వచ్చి ఒక్కసారైనా గాలం వెయ్యవా? నేను చూపిస్తాను."

"చేప వాసన."

"ఇంకా ఎవరూ ఒక్కటి కూడా పట్టలేదు."

ఆమె నవ్వి, ఇంజను ఆన్ చేసింది. షెడ్డులో నిన్న అంటించిన బిళ్ళలు ఈపాటికి ఆరి ఉంటాయి. పొయ్యి వెలిగించమని బేసిల్‌కు చెప్పి వచ్చింది. వెనక్కి తిప్పుకోవడానికి చోటు ఇవ్వమని క్లారీకి చేత్తో సైగ చేసి, గుడ్డు మీద కాలు పెట్టినంత మెల్లగా బస్సును ఒడ్డు మీంచి కదిలించింది.